మస్తానయ్యగారి తొడలకు కరెంటు

హుస్సేనప్పకు కరెంటు మీద కోపం వచ్చింది.

గుట్ట కింద ఆశ్రమంలో మస్తానయ్య గురువుగారిని నేల మీంచి లేపేది హుస్సేనప్పే. కిడ్నీలు చెడి, వారానికి మూడుసార్లు డయాలసిస్ మొదలయ్యాక గురువుగారి తొడల్లో కండ కరిగిపోయింది. కూర్చుంటే లేవలేరు. తత్వాలు పాడటం అయిపోగానే హుస్సేనప్ప వంగుతాడు, ఆయన అతని భుజం పట్టుకుని లేస్తారు. తోటి శిష్యులంతా చూస్తుండగా జరిగే ఈ పని కోసం అతను పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకునేవాడు. రెండేళ్లలో ఒక్కపూట కూడా ఆ చోటు ఇంకొకరికి ఇవ్వలేదు.

అలాంటిది, ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేసే సుగుణ ఒకరోజు అరచేతంత పెట్టె తెచ్చింది. డయాలసిస్ మంచం మీద పడుకున్న గురువుగారి తొడలకు పట్టీలు అంటించి, సన్నగా కరెంటు పెట్టింది. కండలు వాటంతటవే బిగిశాయి, వదులయ్యాయి, మళ్లీ బిగిశాయి.

గురువుగారు పకపకా నవ్వారు. "చీమలు పాకినట్టుందమ్మా! పనుకున్నోని చేత పరుగు తీపిస్తాండావే."

"కొన్నాళ్లు ఇట్లే చేద్దాం తాతా. ఎవరి సాయం లేకుండా లేస్తారేమో చూద్దాం," అంది సుగుణ.

పక్కన నిలబడ్డ హుస్సేనప్ప చెయ్యి, గురువుగారు పట్టుకుని లేచే తన భుజం మీదికి పోయింది.

నాలుగో వారం, గురువుగారు కళ్లు మూసుకుని ఉన్నప్పుడు, అతను సుగుణను గుమ్మం దగ్గరే ఆపాడు. "సామి అలిసిపోయినారు. ఇయ్యాల వద్దన్నారు." మరుసటిసారి కూడా అదే మాట చెప్పాడు. మూడోసారి చెప్పబోతుంటే మంచం మీంచి గొంతు వినిపించింది.

"అమ్మా సుగుణా, నీకు ఇంగా పది మంచాల పనుండాది. పట్టీలు ఎట్లా అంటించాలో చూపిస్తే మా హుస్సేనప్పే అంటిస్తాడులే."

అంతే. తిట్టలేదు, ఎందుకని అడగలేదు. తిట్టినా బాగుండేది పాపం. చెవులు ఎర్రబడి, తల వంచుకుని హుస్సేనప్ప ఆ పని నేర్చుకున్నాడు.

అప్పట్నుంచి ప్రతిసారీ గురువుగారి తొడలు తుడిచి పట్టీలు అంటించేది అతనే. సుగుణ వచ్చి ఒకసారి సరిచూసి కరెంటు పెట్టేది. తన కొలువు తన చేతుల్తోనే ఊడగొట్టుకుంటున్నట్టు అతనికి ఒకటే బాధ. అయినా వేళ్ల కింద కండ కాస్త కాస్త గట్టిపడుతుంటే, వద్దనుకున్నా సంతోషం పొంగుకొచ్చేది. ఆ సంతోషాన్ని ఏం చేసుకోవాలో తెలియక సుగుణ మీద విసుక్కునేవాడు. ఆ పిల్ల నవ్వి ఊరుకునేది.

ఒక ఆదివారం పొద్దున్న ఆశ్రమంలో తత్వాలు ముగిశాయి. హుస్సేనప్ప ఎప్పటిలాగే వంగాడు. భుజం మీద చెయ్యి పడలేదు. తలెత్తి చూస్తే గురువుగారు మోకాళ్ల మీద చేతులు ఆన్చి, కొంచెం వణికి, లేచి నిలబడ్డారు.

శిష్యులు ఒక్కసారిగా కేకలు పెట్టారు. పూలమ్మే సాలమ్మ అయితే నలుగురూ ఉన్నారని కూడా చూడకుండా ఈల వేసింది.

హుస్సేనప్ప మాత్రం ఉన్నచోటే చతికిలబడ్డాడు.

"ఇంగ నేనెందుకు సామీ మీకు?" అన్నాడు.

గురువుగారు డయాలసిస్ సూదులు దిగే ఎడమచేతిని వెనక్కి పెట్టుకుని, కుడిచెయ్యి అతని ముందుకు చాచారు. హుస్సేనప్ప కంగారుపడి ఆ చెయ్యి అందుకున్నాడు. తన బరువు రవ్వంత కూడా ఆయన మీద పడకుండా లేచి నిలబడ్డాడు. ఇద్దరి మొహాలూ ఎదురెదురుగా ఉన్నాయి.

"నీ పని అయిపోయిందప్పా. పోతావా?"

"పోను సామీ."

"ఏమిటికి?"

హుస్సేనప్ప నోరు తెరిచాడు. ఎంత వెతుక్కున్నా చెప్పడానికి ఒక్క కారణమూ దొరకలేదు.

గురువుగారు హాయిగా నవ్వారు.

"ఇయ్యాల శిష్యునివైతివి, రా."