రెండు వాకిళ్ళ అమ్మవారి నీలి చక్రం

పోగులవలస వచ్చిన భక్తులకు మొదట కలిగేది తికమకే. అమ్మవారి గుడికి తూర్పున ఒక వాకిలి, పడమట ఒక వాకిలి. రెండుచోట్లా గంట, రెండుచోట్లా హారతి. ముందు భాగం ఏదని పూజారిగారిని అడగనివారు లేరు. ఆయన చెప్పి చెప్పి విసిగిపోయారు గనుక ఈ నాలుగు మాటలు అచ్చు వేయించవలసి వచ్చింది.

పూర్వం ఇక్కడ ఉన్నది ఒక్క తూర్పు వాకిలే. పూర్వమంటే కృతయుగం కాదు, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడు. ఊళ్ళో సన్యాసమ్మ అనే నేతపనివారి ఇల్లాలు ఉండేది. ఆమె చేత్తో రాట్నం కుట్టిచ్చిన మూడురంగుల జెండా పట్టుకుని ఊరేగినందుకు ఆమె భర్త సూరప్పడు జైలుకు వెళ్ళి, అక్కడే జ్వరంతో కన్నుమూశాడు. కడసారి చూపైనా దక్కలేదు. జెండా మాత్రం ఇంటికి చేరింది. స్వాతంత్ర్యం వచ్చిననాడు గుడి పక్కన ఆ జెండానే ఎగరాలని, ఆ ఒక్క ఆశతో ఆమె రోజులు నెట్టుకొచ్చింది.

తీరా ఆ రోజు దగ్గర పడ్డాక మరిది జగ్గప్ప పట్నం నుంచి కబురు తెచ్చాడు.

"వదినా, జెండా మారిందట. రంగులు అవే. రాట్నం తీసేసి నీలి చక్రం ఒక్కటే ఉంచమన్నారు."

"రాట్నం లేకుండా చక్రమేమిటి జగ్గప్పా? నీకెవరో తప్పు చెప్పుంటారు."

"లేదు వదినా. పెద్దలంతా కూర్చుని ఖాయం చేశారు."

"మరి మీ అన్న దేనికోసం పోయినట్టు?"



సన్యాసమ్మకు దిక్కు తోచలేదు. పాత జెండా ఎగరేస్తే దేశం మాట కాదన్నట్టు, కొత్తది కుడితే మొగుణ్ణి మరిచిపోయినట్టు. సూదిలో దారం ఎక్కించడం, మళ్ళీ లాగేయడం. ఎటూ తేలక, మధ్యాహ్నం మగ్గం పక్కనే ఒరిగి కునుకు తీసింది. కలలో అమ్మవారు ఆమెకు వీపు పెట్టి కూర్చుని ఉంది.

"బతికున్నవాళ్ళు నా ముందు నిలబడతారు, పోయినవాళ్ళు నా వెనక. వాళ్ళ వైపు నుంచి నీ జెండా ఎప్పుడైనా చూశావటే?" అని అడిగింది.

సన్యాసమ్మ ఉలిక్కిపడి లేచింది. జెండా దండెం మీద ఆరేసి, వెనక్కి వెళ్ళి చూసింది. రాట్నం తిరగబడి, పిడి అటుది ఇటైంది. దాని చక్రం మాత్రం ఎటు చూసినా ఒకేలా ఉంది. అవతల నిలబడ్డ మనిషికి సరిగ్గా కనబడేది అదొక్కటే. ఆమెకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే ఆ రాట్నంలోని నీలి దారం పోగు పోగూ విప్పి, చాలనిచోట కొత్త దారం కలిపి, ఇరవై నాలుగు ఆకుల చక్రం కుట్టింది.

జెండా ఎగిరేవేళ ఊరంతా గుడి ముందు చేరితే, ఆమె ఒక్కతే గుడి వెనక్కి వెళ్ళి నిలబడింది. జగ్గప్ప పిలవబోతే "ఆయన పక్కన ఉంటాను, నువ్వెళ్ళు" అంది. ఆ మరుసటి ఏడు ఊరివాళ్ళే వెనక గోడ తీయించి పడమటి వాకిలి పెట్టించారు.

నేటికీ స్వాతంత్ర్యదినాన అయినవాళ్ళను పోగొట్టుకున్నవారు పడమటి వాకిట నిలబడి జెండా చూస్తారు. కోరికలన్నీ తీరుతాయని మేము చెప్పము, మనసు కుదుటపడుతుందని మాత్రం వచ్చినవారు అంటారు. ఇంత చదివాక కూడా ముందు వైపు ఏదని అడిగితే పూజారిగారు విసుక్కోకుండా ఒకటే మాట చెబుతారు.

"మీవాళ్ళు ఎటుంటే అటే ముందు, నాయనా."