అలూ దగ్గర ఆగిన పిల్ల

గోవర్ధనంగారి బళ్ళో పిల్లలు నలభైమంది, గొంతు మాత్రం ఒక్కటే. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అనేవారు. వాళ్ళకంటే ఎక్కువగా ఆయనే అనుకునేవాడు. అ నుంచి క్ష దాకా పిల్లలు తడబాటు లేకుండా ఒక్క ఊపున చదువుతుంటే, వంశధార రేవులో బట్టలుతికేవాళ్ళు కూడా చేతులాపి వినేవారట. ఆ 'అట' కూడా ఆయన చెప్పుకున్నదే.

ఆ నలభైమందిలో ఆయన కూతురు తాయారు ఒకతె. ఏడేళ్ళ పిల్ల.

సరస్వతీపూజనాడు ఊరిపెద్దలంతా బడికి వచ్చి చాపలమీద కూర్చున్నారు. గోవర్ధనం బెత్తం పైకెత్తగానే పిల్లలు అందుకున్నారు. అ, ఆ, ఇ, ఈ అంటూ చదువు జోరుగా సాగుతోంది. 'ఌ, ౡ' అని పలక మీద రాసి అలు, అలూ అని చదివే అక్షరాలున్నాయే, అక్కడికి వచ్చేసరికి ముందువరసలోంచి ఒక చిన్న చేయి లేచింది.

"నాన్నగారూ, క్లుప్తం అనే మాటని పూర్వం అలుతోనే రాసేవారని మొన్న చెప్పారు కదా! మరి అలూ ఏ మాటలో ఉంది?"

వెనకవరసలవాళ్ళు రెండక్షరాలు ముందుకు పోయి, తడబడి, ఒకరి తరవాత ఒకరు ఆగిపోయారు. కరణంగారు కిసుక్కున నవ్వారు. గోవర్ధనానికి తల కొట్టేసినంత పనైంది. ఇరవై రెండేళ్ళుగా ఆ అక్షరాన్ని పిల్లలచేత దిద్దిస్తున్నాడు గానీ, అది ఏ మాటలో ఉందో ఆయనకి తెలియదు. తెలియదన్న సంగతి కూడా ఆ క్షణం దాకా తెలియదు.

కోపం ముంచుకొచ్చింది. అక్కడే, అందరి ముందూ పిల్లకి శిక్ష వేశాడు. ఇంటికి వచ్చాక కూడా చల్లారక, "రేపటినుంచి నువ్వు బడికి రావద్దు. నోరు మూసుకుని చదువుతానంటేనే మళ్ళీ చేర్చుకుంటాను" అన్నాడు.

తాయారు ఏడవలేదు. "ఇంకెప్పుడూ అడగను నాన్నగారూ" అంది.

అన్నమాట నిలబెట్టుకుంది. అదే వచ్చిన చిక్కు.

పదిరోజులు గడిచాయి. ఇల్లు బావురుమంటోంది. ఆ పిల్ల నోరు తిరిగింది మొదలు ఆ ఇంట్లో ప్రశ్న లేని పూట లేదు. తోడు పెట్టినప్పుడు తాను పెరుగైపోతున్నట్టు పాలకి తెలుస్తుందా? చీమలు ఎదురుపడితే ఆగి ఏం మాట్లాడుకుంటాయి? పాలూ పెరుగూ సంగతి అడిగిననాడు గోవర్ధనం పొంగిపోయి, భోజనం సగంలో లేచి, ఎంగిలిచేత్తోనే పక్కింటి అరుగుదాకా వెళ్ళి చెప్పి వచ్చాడు. ఇంట్లో ముద్దొచ్చిన ప్రశ్న బళ్ళోకి వచ్చేసరికి పొగరెందుకయిందో ఆయనకి అంతుబట్టలేదు. పిల్ల అదే, గొంతు అదే. మారింది తను కూర్చున్న చోటేనా అని కూడా ఒకసారి అనిపించింది. అనిపించగానే ఉత్తరీయం దులుపుకుని లేచిపోయాడు.

"ఏమండీ, నిన్న పులుసులో ఉప్పు వెయ్యడం మరిచిపోయాను" అంది భార్య ఆండాళు. "పిల్ల మారుమాట లేకుండా తినేసింది. ఇదివరకైతే ఉప్పు సముద్రంలోంచి ఎందుకొస్తుందీ, నదిలోంచి ఎందుకు రాదూ అని నా ప్రాణం తీసేది. నాకేం బాగాలేదండీ."

ఆయనకీ బాగాలేదు. అయితే ఆ మాట ఒప్పుకోవడానికి ఆయనకి గురువుగారు కావాలి.

గురువుగారంటే కందాళ అప్పలాచార్యులవారు. ఎనభై దాటిన మనిషి. గోవర్ధనానికి అక్షరాలు దిద్దించిందీ ఆయనే, వ్యాకరణం చెప్పిందీ ఆయనే. నదికి ఎగువన మామిడితోటలో చిన్న మఠం కట్టుకుని ఉంటున్నారు. వ్యాకరణంలో ఆయన ఒక మాటన్నాక మరొకరు నోరెత్తిన దాఖలా లేదు.

పొద్దున్నే బండి కట్టించి, తాయారుని తీసుకుని వెళ్ళాడు గోవర్ధనం. గురువుగారు తోటలో ఎండుటాకులు ఊడుస్తున్నారు. శిష్యుణ్ణి చూసి చీపురు పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని వచ్చి వసారాలో కూర్చున్నారు.

"దాసోహం స్వామీ" అని సాష్టాంగపడి లేచి, గోవర్ధనం జరిగినదంతా చెప్పాడు. కరణంగారి నవ్వు కూడా దాచలేదు. "పిల్ల ఇప్పుడు బుద్ధిగా ఉంది స్వామీ. మళ్ళీ బళ్ళో చేర్చుకోమంటారా, లేక ఇంటిపట్టునే ఉంచమంటారా? తమరు ఎలా సెలవిస్తే అలా చేస్తాను."

గురువుగారు తాయారుని దగ్గరికి పిలిచారు. "అక్షరాలు వచ్చా అమ్మా?"

"వచ్చు తాతగారూ."

"ఏదీ, చదువు."

చేతులు కట్టుకుని చదివింది తాయారు. అ నుంచి క్ష దాకా ఎక్కడా ఆగలేదు. అలూ దగ్గర రెప్ప కూడా వెయ్యలేదు. గోవర్ధనం మెడ తనకు తెలియకుండానే నిటారైంది. ఎంతయినా తను దిద్దించిన నోరు.

"బాగుంది. ఇందులో నీకేమైనా సందేహం ఉందా?" అన్నారు గురువుగారు.

తాయారు గురువుగారి వైపు చూడలేదు. తండ్రి ముఖం వైపు చూసింది. చూసి, తల దించుకుని, "లేదు తాతగారూ" అంది.

ఆ పిల్ల నోట గోవర్ధనం విన్న మొదటి అబద్ధం అది. చెప్పమన్నది తనే.

గురువుగారు వసారాలో పరిచిన ఇసుకమీద వేలితో నింపాదిగా ఒక అక్షరం రాశారు. ౡ.

"ఏమయ్యా గోవర్ధనం, ఇది ఏ మాటలో ఉంది?"

"తెలియదు స్వామీ."

"నేను నీకు చెప్పలేదా?"

"తమరు దిద్దించారు. మాట మాత్రం చెప్పినట్టు గుర్తులేదు."

"గుర్తుండడానికి చెబితే కదా! నాకూ తెలియదు" అన్నారు గురువుగారు. "మా గురువుగారు దిద్దమన్నారు, దిద్దాను. నిన్ను దిద్దమన్నాను, దిద్దావు. సరే గానీ, ఆవేళ పిల్లకి ఏం శిక్ష వేశావు?"

"గోడకుర్చీ స్వామీ. మంగళహారతి ఇచ్చేదాకా."

"అడిగినందుకా, తెలియనందుకా?"

గోవర్ధనం చూపు ఇసుకమీది అక్షరం వైపు తిప్పుకున్నాడు.

"నీ బళ్ళో అడిగితే గోడకుర్చీ వెయ్యమని నేను నీకెప్పుడూ నేర్పలేదు. తెలియకపోతే వెయ్యమని మాత్రం నేర్పాను. నీకూ వేశాను, గుర్తుందా?" అంటూ గురువుగారు కర్ర ఊతంతో లేచారు. ఉత్తరీయం తీసి నడుముకి బిగించారు. గోడ దగ్గరికి నడిచి, కర్ర పక్కన పెట్టి, వీపు గోడకి ఆనించి, మోకాళ్ళు వంచి, లేని కుర్చీలో కూర్చున్నారు.

ఎనభై ఏళ్ళ మోకాళ్ళు కదా, వణకడం మొదలుపెట్టాయి.

"స్వామీ! ఎంత పని చేశారు!" గోవర్ధనం పరుగెత్తి వెళ్ళి కాళ్ళు పట్టుకోబోయాడు.

"ఆ కాళ్ళు పట్టుకోకయ్యా, పడిపోతాను. పాఠం నాకొక్కడికే రాలేదా?"

గోవర్ధనానికి ఊళ్ళో తన పేరూ, బెత్తమూ, ఇరవై రెండేళ్ళ పంతులుగిరీ అన్నీ గుర్తొచ్చాయి. తరవాత పంచె మోకాళ్ళ పైకి ఎగగట్టి, వెళ్ళి గురువుగారి పక్కన గోడకి వీపు ఆనించి, తానూ మోకాళ్ళు వంచాడు. కూతురి ముఖంలోకి చూడడానికి సిగ్గేసింది. అయినా చూశాడు.

"నాకు తెలియదమ్మా. ఆవేళ కూడా తెలియదు. తెలియదని చెప్పడం చేతకాక నీమీద కోప్పడ్డాను" అన్నాడు.

తాయారు వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూసింది. ఇద్దరు పెద్దవాళ్ళు, ఒకరి పిలక తెల్లగా, ఒకరిది నల్లగా, ఇద్దరి మోకాళ్ళూ వణుకుతూ గోడకి అతుక్కుపోయి ఉన్నారు. ముందు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. లాభం లేకపోయింది. నవ్వు వేళ్ళ సందుల్లోంచి బయటపడింది. పదిరోజుల నవ్వు అది, ఒక పట్టాన ఆగలేదు.

నవ్వుతూనే వచ్చి ఇసుక ముందు గొంతుక్కూర్చుంది. గురువుగారు రాసిన అక్షరం మీద తన వేలు పెట్టి, మెల్లిగా ఒకసారి దిద్దింది. దిద్దుతూ దిద్దుతూ ఆగి, కనుబొమలు ముడిచింది. తల ఎత్తి తండ్రి వైపు చూడబోయి, చూడకుండానే అడిగేసింది.

"తాతగారూ! ఏ మాటలోనూ లేకపోతే, దీన్ని మొట్టమొదట రాసినాయన ఏం చెప్దామనుకుని రాశాడు?"

గోవర్ధనం తొడలు మండిపోతున్నాయి, కళ్ళలో నీళ్ళు నిండాయి. ఛాతీ మాత్రం గర్వంతో పట్టలేకుండా ఉంది. ఈ పిల్ల నా కూతురు అని నది అవతలి ఒడ్డుదాకా వినబడేలా అరవాలనిపించింది. ముందు ఆ పిల్లని ఎత్తుకోవాలని గోడ దగ్గర్నుంచి లేవబోయాడు.

గురువుగారు చెయ్యి చాచి ఆయన భుజం నొక్కి పట్టుకున్నారు.

"లేవకు గోవర్ధనం. ఇదీ మనకి తెలియదు."