కప్ప గొంతు ఎందుకు ఊరుకోదు?

ఒకప్పుడు కప్ప గొంతు కదిలేది కాదు. నిజం! కప్ప గట్టు మీద కూర్చుంటే అది కప్పో, రాయో ఈగలకి తెలిసేది కాదు. అవి తీరిగ్గా వచ్చి దాని ముక్కు మీదే వాలేవి. కప్ప నాలుక చాపేది, మింగేది, మళ్ళీ రాయిలా కూర్చునేది. అంత హాయి బతుకు!

ఆ రోజుల్లో ఒక కొండ మీద పెద్ద మడుగు ఉండేది. పైనుంచి వాగు వచ్చి అందులో పడేది. ఒక వానాకాలం ఓ బండ దొర్లి ఆ వాగుకి అడ్డం పడింది. వాగుకి కోపం వచ్చి ఇంకో దారి చూసుకుంది.

ఇక మడుగులో నీళ్ళు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. చేపలు తినేది అందులోనే, తిన్నాక చేసేదీ అందులోనే. నవ్వకండి, పాపం వాటికి వేరే చోటేది? నీళ్ళు పచ్చబడ్డాయి, నల్లబడ్డాయి, చివరికి కంపు కొట్టాయి.

అందులో అచ్చాయమ్మ అనే రాగండి చేప ఉండేది. బోలెడు పిల్లల తల్లి. ఊపిరాడక ఆ పిల్లలు నీటి పైకి వచ్చి నోళ్ళు తెరుస్తూ మూస్తూ తిరుగుతున్నాయి.

గట్టు మీంచి బుగ్గయ్య అనే కప్ప అది చూసి పకపకా నవ్వాడు.

"ఏం అచ్చాయమ్మా, పిల్లలకి సంగీతం నేర్పిస్తున్నావా?"

అచ్చాయమ్మకి ఏడుపొచ్చింది. "నీకేం నాయనా! నీళ్ళు బాగోకపోతే గట్టెక్కుతావు. నా పిల్లలు ఎక్కడికి పోతారు?"

ఆ ఏడుపు విని రాళ్ళ సందులోంచి పోలయ్య మేస్త్రి బయటికొచ్చాడు. ఆయనో ముసలి పీత. బొరియలు తవ్వడంలో ఆయన్ని మించినవాడు లేడు.

"ఊరుకో తల్లీ. మురికి పుట్టకుండా మనం ఆపలేం. నీళ్ళని తిప్పుదాం. తిరిగే నీళ్ళు చెడిపోవు," అన్నాడు.

పని మొదలైంది. పోలయ్య మడుగు పక్కనే, కొంచెం పల్లంలో ఒక గుంట తవ్వాడు. దానికి గదులు కట్టాడు. మొదటి గదిలో రొయ్యలు గడ్డివేళ్ళు కుక్కాయి, చెత్త అక్కడే చిక్కుకోవాలని. రెండో గదిలోకి నత్తలు గులకరాళ్ళు దొర్లించాయి. "ఈ రాళ్ళకి జిగురుగా పాచి పడుతుంది. అదే మురికిని తినేస్తుంది. శుభ్రం చేస్తున్నామంటూ ఎవరూ దాన్ని గీకెయ్యకండి," అని పోలయ్య గట్టిగా చెప్పాడు. మూడో గదిలో ఇసుక. అది దాటితే తేట నీళ్ళు.

చివరగా మడుగు అంచులో నీళ్ళు పొర్లడానికి చిన్న అలుగు పెట్టి, దాని కింద ఓ రాయి బిగించాడు. "ఈ రాయి జోలికి మాత్రం ఎవరూ పోవద్దు. ఇది ఊడిందా, మడుగంతా గుంటలోకి దిగిపోతుంది."

"అంతా బాగానే ఉంది మేస్త్రిగారూ. కిందకి దిగిన నీళ్ళు మళ్ళీ పైకెలా ఎక్కుతాయి?" అంది అచ్చాయమ్మ.

పోలయ్య డెక్కతో బుర్ర గోక్కున్నాడు. తర్వాత అందరూ కలిసి బుగ్గయ్య వైపు చూశారు. ఆ కొండ మొత్తం మీద అంత పెద్ద బుగ్గలు ఇంకెవరికీ లేవు మరి.

"నా వంక చూస్తారేంటి?" అన్నాడు బుగ్గయ్య.

"గట్టు మీద వాలే ఈగలన్నీ నీకే," అన్నాడు పోలయ్య.

బుగ్గయ్య నోట్లో నీళ్ళూరాయి. "ఇదెంత పని! కింద పీల్చి పైన ఉఫ్ మంటే సరి."

"మధ్యలో మానేస్తావేమో. నీళ్ళలో చెయ్యి పెట్టి ఒట్టెయ్యి."

బుగ్గయ్య దర్జాగా చెయ్యి ముంచాడు. "నేను నిద్రపోయినా నా గొంతు నిద్రపోదు. చాలా?"

నీళ్ళు ఆ మాట విన్నాయి. నీళ్ళకి చెవులు లేవనుకోకండి.

బుగ్గయ్య పీల్చాడు, ఊదాడు. మడుగు తేటబడింది. అచ్చాయమ్మ పిల్లలు దొంగాట ఆడుకోవడం మొదలెట్టాయి. చూసినవాళ్ళందరూ "ఆహా బుగ్గయ్యా!" అన్నారు.

కానీ పొగడ్తలు వినడం ఎంత సుఖమో, నీళ్ళు తోడడం అంత కష్టం. గుంటలో నీళ్ళు లోతుగా ఉండటంతో ప్రతిసారీ వంగాల్సి వచ్చేది. "నా నడుం ఏమైపోవాలి? గుంట నిండా నీళ్ళుంటే కూర్చునే పీల్చుకోనూ!" అనుకున్నాడు. అటూ ఇటూ చూసి అలుగు కింద రాయి పీకేశాడు.

నీళ్ళు బుడబుడా దిగాయి. గుంట నిండింది. బుగ్గయ్య అందులో కాళ్ళు చాపి, పని జరుగుతోందని పైవాళ్ళు అనుకోవడానికి నోటితోనే "గుడగుడ గుడగుడ" అని చప్పుడు చేశాడు. చేస్తూ చేస్తూ చల్లగా నిద్రపోయాడు.

గుంట పొంగి నీళ్ళు కొండ కిందకి జారిపోతున్నాయి. పైన మడుగు తగ్గిపోతోంది. పిల్లలన్నీ మడుగు అడుగున మిగిలిన కాసిని నీళ్ళలోకి చేరాయి. అచ్చాయమ్మ వీపు ఎండలో ఆరిపోతోంది. అయినా పిల్లలకి నీడగా అలాగే పడుకుంది.

"బుగ్గయ్యా! నా పిల్లలు పోతున్నారయ్యా!" అని అరిచింది.

బుగ్గయ్య ఉలిక్కిపడి లేచి పైకి చూశాడు. ఈసారి ఈగలు గుర్తు రాలేదు, నడుం గుర్తు రాలేదు. పీల్చాడు, ఊదాడు, పీల్చాడు, ఊదాడు. పోలయ్య తిట్టుకుంటూ పరుగున వచ్చి రాయి బిగించాడు. పొద్దు వాలేసరికి మడుగు మళ్ళీ చేపలు మునిగేంత నిండింది. పిల్లలందరూ బతికారు.

"అమ్మయ్య!" అని బుగ్గయ్య కూలబడ్డాడు. కానీ గొంతు ఆగలేదు! ఉబ్బుతోంది, తగ్గుతోంది. రెండు చేతులతో పట్టుకున్నాడు. చేతులు కూడా ఊగాయి.

"నీళ్ళమ్మా, దీన్ని ఆపు!" అని మొత్తుకున్నాడు.

"నేనేం చేశాను నాయనా? నువ్వు వేసిన ఒట్టు నువ్వు మర్చిపోయావు, నీ గొంతు గుర్తుపెట్టుకుంది," అంది నీళ్ళమ్మ.

అచ్చాయమ్మ పిల్లలు వరసగా తలలు పైకెత్తాయి. "ఏం మామా, సంగీతం నేర్చుకుంటున్నావా?"

తర్వాత ఓ పెద్ద వాన బండని దొర్లించేసింది. వాగు తిరిగొచ్చింది. గుంట పూడిపోయింది. తోడాల్సిన పని కూడా లేకుండా పోయింది. కానీ ఆ సంగతి బుగ్గయ్య గొంతుకి ఎవరూ చెప్పలేదు.

అప్పటినుంచే కప్ప ఎంత కదలకుండా కూర్చున్నా దాని గొంతు మాత్రం ఉబ్బుతూ తగ్గుతూ, లేని నీళ్ళని తోడుతూనే ఉంటుంది. అది చూసి సగం ఈగలు పారిపోతాయి.