బుచ్చవ్వ చెక్కిన తాత

మీ తాతల తాతలు ఇంకా తొట్టెలలో పడుకుని కాళ్లు ఆడిస్తున్న కాలం. గుట్ట కింద మొగిలివాయి అని ఒక ఊరు. ఆ ఊళ్లో నోళ్లు ఎక్కువ, చెవులు తక్కువ. ఊరి పక్కన జొన్నచేలు. చేల నడుమ ఒక మంచె. మంచె మీద బుచ్చవ్వ.

బుచ్చవ్వది కావలి పని. పొద్దున చిలుకలు వచ్చేవి, సాయంత్రం చిలుకలు వచ్చేవి. రెండు పూటలా వడిసెల తిప్పి రాళ్లు రువ్వి, గొంతు చించుకుని అరిచేది. మధ్యాహ్నం చిలుకలు నిద్రపోయేవి. బుచ్చవ్వకు నిద్ర వచ్చేది కాదు. ఊరి నిద్రంతా గానుగ ఆశన్న ఒక్కడే పోతుంటే ఇంకొకరికి మిగిలేది ఎంత?

అందుకని మధ్యాహ్నాలు బొమ్మలు చేసేది. ఎవరూ నేర్పలేదు, ఎవరూ అడగలేదు. గుట్ట మీది నుంచి పొణికి కొమ్మ తెచ్చుకునేది. పొణికి తేలిక కర్ర, మెత్తగా తెగుతుంది. విరిగిన కొడవలి ముక్కకు గుడ్డపేలిక చుట్టి దానితో చెక్కేది. గరుకు ఆకులతో రుద్ది నున్నగా చేసేది. పసుపు, ఎర్రమట్టి, బొగ్గుమసి పూసి, ఆముదం చుక్క వేసి తుడిచేది. అంతా కలిపి బెత్తెడు బొమ్మ.

మంచె మీద కూర్చుంటే ఊరంతా కనబడుతుంది. బుచ్చవ్వ ఏది కనబడితే అదే చెక్కేది.

గానుగ ఆశన్నను చెక్కింది. నోరు తెరిచి, గానుగ మొద్దుకు ఆనుకుని నిద్రపోతున్నాడు. ఆశన్న బొమ్మలన్నీ చూసి, "అందరివి అచ్చం దిగినయ్ అవ్వా. నాదొక్కటే కుదరలే" అన్నాడు. ఆవులిస్తూ అన్నాడు.

కుండల భూదవ్వను చెక్కింది. నడుము మీద ఒక చెయ్యి, గాలిలో ఒక వేలు. ఆ వేలు దించిన రోజు ఊళ్లో ఎవరికీ గుర్తులేదు. భూదవ్వ చూసి, "అందరివి అచ్చం దిగినయ్ అవ్వా. నాదొక్కటే కుదరలే" అంది. వేలు చూపిస్తూ అంది.

ఊరి పెద్ద ముత్తన్న పటేలును చెక్కింది. పొట్ట ముందుకు, మెడ పక్కకు, ఒక కన్ను మూసి. పటేలు ఏది చూసినా ఒక కన్ను మూసే చూసేవాడు. ఎద్దునైనా, గుమ్మడికాయనైనా, ఇంటికొచ్చిన పెండ్లికొడుకునైనా. ఆయన బొమ్మను చేతిలోకి తీసుకుని, ఒక కన్ను మూసి, అటు తిప్పి ఇటు తిప్పి, "అందరివి అచ్చం దిగినయ్. నాదొక్కటే కుదరలే" అన్నాడు.

బుచ్చవ్వ ముగ్గురికీ ఒకటే జవాబు చెప్పింది. "కుదరకపోతే పోనీ బిడ్డా. మళ్ల చిలుకలొస్తున్నయ్, జరుగు."

ఇంతవరకు ఏ గొడవా లేదు. గొడవ జాతరతో వచ్చింది.

మాఘమాసంలో ఏటిగడ్డ మీద తల్లి జాతర జరిగేది. చుట్టుపక్కల ఊళ్లన్నీ బండ్లు కట్టుకుని వచ్చేవి. మొగిలివాయికి ఒక ఆచారం ఉంది. జాతరకు పోలేనివాళ్లు తమ బదులు ఒక కొయ్యబొమ్మను పంపాలి. దాన్ని తల్లి ముందు పెడితే ఆ మనిషి వచ్చి మొక్కినట్టే. బాలింతలు పంపేవారు, ముసలివాళ్లు పంపేవారు. ఒళ్లు బరువైన ఆశన్న ఏటేటా పంపేవాడు. బుచ్చవ్వ మాత్రం ఎన్నడూ పోలేదు, బొమ్మా పంపలేదు. జాతరనాటికి జొన్న పాలకంకి మీద ఉంటుంది, చిలుకలు దండుగా దిగుతాయి. బొమ్మ ఎందుకు పంపవని అడిగితే, "ఈడ కూసుంటే ఊరంత కనవడ్తది. మంచె మీదున్న నా మొఖం నాకెట్ల కనవడ్తది బిడ్డా?" అనేది.

ఆ ఏడు పటేలుకు మోకాలు వాచింది. జాతరకు బొమ్మనే పంపాలి. ఉన్న బొమ్మను తీసి చూశాడు. మళ్లీ ఒక కన్ను మూశాడు. నేరుగా మంచె కిందికి వచ్చాడు.

"తల్లి ముందట ఈ మొఖంతోని నిలవడాల్నా? ఇంకోటి చెయ్యి. రెండు కండ్లు తెరువు. మెడ సక్కగ పెట్టు. పొట్ట తియ్యి."

"పొట్ట తీస్తే ఇంకేం మిగుల్తది పటేలా?"

"నోరెక్కువైంది నీకు. ఇంకోసారి గిట్ల చెక్కినవో, ఆ కొడవలి ముక్క గుంజుకుంట. మంచె మీద వేరే మనిషిని కూసోవెడ్త."

బుచ్చవ్వకు ఇల్లూ మంచే ఒకటే. చేతిలో ఆ ఇనుప ముక్క లేకపోతే మధ్యాహ్నం ఎలా గడుస్తుందో ఆమెకు తెలియదు. కొమ్మ తీసుకుంది. మొదటి బొమ్మకు కొంచెం పొట్ట వచ్చింది. పటేలు వద్దన్నాడు. రెండో బొమ్మకు మెడ కొంచెం వంగింది. వద్దన్నాడు. మూడో బొమ్మను కళ్లు మూసుకుని చెక్కింది. నిటారుగా, సన్నగా, రెండు కళ్లతో వచ్చింది. అది ఎవరి బొమ్మైనా కావచ్చు. పటేలు మురిసిపోయాడు. "గిదీ నేనంటే!"

అది చూసి ఆశన్న వచ్చాడు, భూదవ్వ వచ్చింది, ఊరంతా వచ్చింది. ఆ ఏడు జాతరకు పోయిన బొమ్మలన్నీ ఒక్క తల్లి బిడ్డల్లా ఉన్నాయి. భూదవ్వ బొమ్మకు మీసం ఒక్కటే తక్కువ.

పటేలుకు ఒక మనవరాలు ఉంది. పేరు కనక. మాటలు అప్పుడప్పుడే వస్తున్న పిల్ల. తాత కొత్త బొమ్మను చూపించి, "ఇది ఎవలే?" అని అడిగాడు.

"ఎవలో" అంది కనక.

పాత బొమ్మ పొయ్యి పక్క కట్టెల మీద పడి ఉంది. కనక పోయి దాన్ని తీసుకుంది. "తాత" అంది. ఎవరూ పట్టించుకోలేదు. పండుగ పూట పటేలు ఇంట్లో పిల్లల మాట వినే తీరిక ఎవరికుంది? మిగతా రోజుల్లోనూ పెద్దగా ఉండేది కాదు.

తెల్లారి బండ్లు చేల పక్క నుంచి జాతరకు కదిలాయి. పటేలు కోడలు ఒళ్లో కొత్త బొమ్మ, పట్టుగుడ్డ చుట్టుకుని పెండ్లికొడుకులా కూర్చుంది. వెనక కూర్చున్న కనక నడుముకు చిన్న పరికిణీ. ఆ పరికిణీ నాడాలోంచి ఒక కొయ్య పొట్ట బయటికి పొడుచుకుని ఉంది. మంచె మీది నుంచి బుచ్చవ్వ ఒక్కతే చూసింది. చూసి, చిలుకలను తోలుకుంది.

పొద్దు నడినెత్తికి రాకముందే పటేలు ఇంటి జీతగాడు జాతర నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. పిల్ల తప్పిపోయింది. జాతర తల్లి గుడి కాడ కోడలి చెయ్యి వదిలింది. ఏటి ఒడ్డంతా వెతికారు. దొరకలేదు.

మోకాలి నొప్పి వల్ల జాతరకు పోని పటేలు ఆ మోకాలితోనే చేలకు అడ్డంపడి నడిచాడు. ఆ మోకాలితోనే మంచె ఎక్కాడు. అంత ఎత్తు నుంచి చూస్తే ఏటి దారి కనబడుతుందని. దారి కనబడింది. దారి మీద ఎవరూ లేరు.

"మాటలు సక్కగ రావు దానికి" అన్నాడు. "ఊరు పేరు చెప్పరాదు. నా పేరు చెప్పరాదు. ఏరు పక్కనే ఉండె అవ్వా."

బుచ్చవ్వ జరిగి చోటిచ్చింది. ఏటి దారి చూస్తూనే చెప్పింది.

"పిల్ల నడుముల నువ్వున్నవు పటేలా."

"నేనేంది?"

"నీ పాత బొమ్మ. నాడాల దోపుకున్నది. నేను చూసిన."

పటేలు తలెత్తాడు. ఆ తర్వాత ఆయన నోట వచ్చిన మాట మొగిలివాయిలో ఎవరి నోటా అంతకు ముందు రాలేదు.

"అవ్వా, నిజం చెప్పు. అది నా లెక్కనే ఉంటదా?"

బుచ్చవ్వ చేతిలోని కొడవలి ముక్క పక్కన పెట్టింది.

"చూసినోళ్లు నేనని గుర్తువడ్తరా? పొట్ట సరిపోయిందా? మెడ సరిగ వంచినవా? చెప్పు తల్లీ, నీ కాల్మొక్త."

"పడ్తరు పటేలా. లోకమంత గుర్తువడ్తది. నువ్వొక్కనివే పట్టవు."

పటేలు తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. ఇద్దరూ దారి చూస్తూ కూర్చున్నారు. సాయంత్రం చిలుకలు వచ్చాయి. బుచ్చవ్వ లేవబోయింది. పటేలే లేచి వడిసెల అందుకున్నాడు. ఒక్క రాయీ తగలలేదు గానీ అరుపు మాత్రం పక్క ఊరిదాకా వినబడింది.

పొద్దు గుట్ట వెనక్కి దిగుతుండగా ఏటి దారిలో దుమ్ము లేచింది. ఎద్దుల బండి. బండి తోలేది ఏటి అవతలి ఎద్దుల బేరగాడు రాజం. రాజం ముందు కనక కూర్చుని పేలాలు తింటోంది. ఒక చేతిలో పేలాలు, ఒక చేతిలో తాత.

పటేలు మంచె మీది నుంచి ఎలా దిగాడో బుచ్చవ్వకు కూడా తెలియలేదు. దిగినట్టు మాత్రం తెల్లారి విరిగి పడి ఉన్న జొన్నలు చెప్పాయి.

రాజం జరిగింది చెప్పాడు. "గాజులామె అడిగింది పటేలా, ఏ ఊరే బిడ్డా అని. మా ఊరు అన్నది. పేలాలాయన అడిగిండు, ఎవలింటి పిల్లవే అని. మా ఇంటి పిల్లను అన్నది. నేనడిగిన, మీ తాత పేరేందే అని. తాత అన్నది, ఇగో ఈ బొమ్మ చూపెట్టింది. ఇగ నాకు చెప్పాల్నా? కిందటేడు నా ఎద్దు పండ్లు చూసి, గిట్టలు చూసి, తోక చూసి, పొద్దంత నిలవెట్టి కొనకుండ పోయినాయన! ఈ కన్ను నేను మర్చిపోతనా?"

పటేలు పిల్లను ఎత్తుకున్నాడు. చాలాసేపు దింపలేదు. పిల్లే విసుక్కుని బొమ్మను ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని పొద్దు వెలుగులోకి పట్టాడు. మెడ పక్కకు వంచాడు. ఒక కన్ను మూశాడు.

"అంత మంచిగనే ఉన్నది గని అవ్వా," అన్నాడు, "ముక్కు కొంచెం కుదరలే."

కొడవలి ముక్క మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు. ఆ రాజం దగ్గరే ఒక ఎద్దును కొన్నాడు. పళ్లు చూడకుండా కొన్నాడు. అది ముసలిదని తర్వాత తెలిసింది.

బుచ్చవ్వ ఇంకా చాలా ఏండ్లు మంచె మీదే ఉంది. ఊళ్లో పుట్టిన ప్రతి పిల్లకూ ఇంటి పెద్దల బొమ్మ చేసింది, పులిపిర్లతో సహా. ఒక మాఘంలో, జొన్న పాలకంకి మీద ఉండగా, మధ్యాహ్నం పూట చనిపోయింది. సాయంత్రం చిలుకలు దిగినా అరుపు వినబడకపోయేసరికి ఊరికి తెలిసింది. ఆమె ఒళ్లో సగం చెక్కిన పొణికి ముక్క ఉంది. అది తన బొమ్మేనని ఆశన్న అన్నాడు, భూదవ్వ అంది, పటేలు అన్నాడు.

అప్పుడు కనక పెద్దదయింది. జాతర బండ్లు కడుతుంటే ఆమెకు ఒకటి తోచింది. పోలేనివాళ్లు బొమ్మను పంపాలి కదా. బుచ్చవ్వ ఎన్నడూ పోలేదు, బొమ్మా పంపలేదు. ఇక మీద పోనూ లేదు. కనక ఆ కొడవలి ముక్కే తీసుకుని, ఆ సగం ముక్కలోనే బుచ్చవ్వను చెక్కింది. వంగిన నడుము, రెండే పళ్లు, చేతిలో వడిసెల. ఊరంతా చూసింది. మొగిలివాయిలో మొదటిసారి అచ్చం దిగిన ఒక బొమ్మను ఎవరూ కుదరలేదనలేదు.

ఇప్పటికీ ఆ ఊరి నుంచి జాతరకు పోయే మొదటి బండిలో బుచ్చవ్వ బొమ్మే ముందు కూర్చుంటుంది. చంటిపిల్లలను జాతరకు తీసుకుపోతే నడుముకు ఇంటి పెద్ద బొమ్మ కట్టి పంపుతారు. బట్టతల ఉంటే బట్టతలతో, మెల్లకన్ను ఉంటే మెల్లకన్నుతో. ఎవరైనా బజారులో కొన్న నున్నటి అందమైన బొమ్మను పిల్లచేతికిస్తే, ఆ ఊరి ముసలమ్మలు దాన్ని తీసుకుని, ఒక కన్ను మూసి చూసి, తిరిగి ఇచ్చేస్తారు.

"మంచిగనే ఉన్నది బిడ్డా" అంటారు. "గని గిది చూసి పిల్లను ఎవలింటికి తోలుకొస్తరు?"