పదకొండు పిలుపులు

నరహరి మాస్టారికి ఒక అలవాటు ఉంది. ప్రశ్న అడిగిన శిష్యుణ్ణి ఆ ప్రశ్న దగ్గరికే తీసుకెళ్లి కూర్చోబెడతారు. వంటగది గట్టు ఎంత ఎత్తుండాలని అడిగినవాడి చేత ఒక పెళ్లివారింట్లో పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కంద తరిగించారట. వాడు నడుం పట్టుకుని లేచి, జవాబు అడగకుండానే వెళ్లిపోయాడు. ముప్పై ఏళ్లు ఆయన కాలేజీలో ఇళ్లు గీయడం నేర్పారు. నేను ఆయనతో పాటు హాస్టల్లో ఒకే గదిలో ఉన్నవాణ్ణి. నాది చరిత్ర, ఆయనది భవన నిర్మాణం. ఆ గదికి ఉన్న ఒక్క కిటికీ పడమటి వైపు ఉండేది. ఆ ఎండని ఆయన ఇప్పటికీ తిడుతుంటారు. సరే, అది వేరే సంగతి.

నేనుండేది విశాఖపట్నంలో, మధురవాడ అవతల, ఒక అపార్ట్‌మెంటు నాలుగో అంతస్తులో. మాస్టారు ప్రతి గురువారం కాఫీకి వస్తారు. ఒక గురువారం ఆయన్ని వెతుక్కుంటూ మణిదీప్ అనే శిష్యుడు మా ఇంటికే వచ్చాడు. మా అపార్ట్‌మెంటులో కింద, ఇళ్ల నుంచే ఉద్యోగాలు చేసుకునేవాళ్ల కోసం కట్టిన గది అతను గీసిందే. పన్నెండు బల్లలు, ప్రతి బల్లకీ దీపం, చుట్టూ దళసరి అద్దాలు. లోపల కూర్చుంటే రోడ్డు మీద లారీ హారను కూడా వినపడదు. ఫొటోలు ఏదో పత్రికలో పడ్డాయి కూడా.

"మాస్టారూ, రెండు నెలలైంది. మిగతావాళ్లు ఎప్పుడో ఓసారి వచ్చి పోయేవారు. రోజూ వచ్చింది నాలుగో అంతస్తు తులసీరాణి గారొక్కరే. మూడు వారాలుగా ఆవిడా రావటం లేదు. సోమవారం నుంచి రోజుకి ఎనిమిది గంటలు పనిలో కూర్చోకపోతే లాప్‌టాప్ తిరిగి పంపెయ్యమని కంపెనీ అందట. గదిలో ఏం మార్చమంటారో చెప్పండి అంటే, 'గది బాగుందండీ, మీ తప్పేం లేదు' అంటారావిడ. ఆవిడ ఉద్యోగం పోకూడదు మాస్టారూ. నేనెక్కడ తప్పాను?"

మాస్టారు కాఫీ పూర్తిగా తాగారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఎందుకంటే ఆ జవాబులో కొంత నాకు తెలుసు.

తులసిది మా ఎదురు ఫ్లాటే. ఆసుపత్రుల్లో డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటలు విని టైపు చేసే ఉద్యోగం. ఇల్లు రెండు గదులు. ఒకదాంట్లో, హార్బరులో రాత్రి డ్యూటీ చేసొచ్చిన భర్త గోవిందు పగలంతా నిద్రపోతాడు. రెండోదాంట్లో అత్తగారు పైడమ్మ, ఆవిడతో పాటు పొద్దు గూకేదాకా టీవీ. అందుకని తులసి ఐదేళ్లపాటు మా గుమ్మాల పక్కనుంచే డాబా మీదికి వెళ్లే మెట్ల మలుపులో కూర్చుని పనిచేసింది. ఒక ప్లాస్టిక్ స్టూలు, లిఫ్టు మెకానిక్కు కోసం పెట్టిన ప్లగ్గు. ఇంటి తలుపు బారెడు తీసి ఉంచేది. హెడ్‌ఫోను ఒక చెవికే పెట్టుకునేది. ఒక చెవి డాక్టర్లకి, ఒక చెవి అత్తగారికి. మాస్టారు వచ్చినప్పుడల్లా ఆమెని చూసేవారు. ఆమె లేవబోతే చేత్తో వద్దని సైగ చేసేవారు.

కింద గది తయారయ్యాక అసోసియేషన్ మీటింగులో, ఇక మెట్ల మీద ఎవరూ కూర్చోనక్కర్లేదు కదా అన్నారు. డాబా మెట్లకి ఇనప జాలీ తలుపు పెట్టి తాళం వేసి, చెవి సెక్రటరీ దగ్గర ఉంచుదామంటే అందరూ చేతులెత్తారు. నేనూ ఎత్తాను. డాబా మీద బట్టలారేసుకోవడానికి వెళ్లేటప్పుడు ఆ స్టూలు నా మోకాలికి రెండుసార్లు తగిలింది. అంతకుమించి నాకు కారణం లేదు.

మాస్టారు కప్పు కింద పెట్టి, "గది గీసేముందు ఫ్లాటుకొక కాయితం ఇచ్చి వివరాలు అడిగావు కదా? తెచ్చావా?" అన్నారు.

మణిదీప్ సంచిలోంచి కట్ట తీశాడు. మాస్టారు ఎదురు ఫ్లాటు కాయితం వెతికి అతని చేతికే ఇచ్చారు. 'ఇంట్లో ఉండి పనిచేసేవారు ఎందరు?' అన్నచోట గోవిందు గుండ్రని అక్షరాలతో 'ఎవరూ లేరు' అని రాశాడు. ఈ మాట నేను తర్వాత గోవిందుని అడిగాను. అతను కపటం లేని మనిషి. "నిజమే కదండీ బాబుగారూ, ఆవిడ ఇంట్లో ఎప్పుడు చేసినాది? మెట్ల మీద కదా," అన్నాడు.

"ఇప్పుడు కిందికెళ్లి నీ గదిలో కూర్చో," అన్నారు మాస్టారు. "ఒక చెవికి హెడ్‌ఫోను పెట్టుకో. నేను పిలుస్తాను. పిలిస్తే రా."

అతను వెళ్లాడు. మేమిద్దరం ఎదురింటికి వెళ్లాం. పైడమ్మ మంచం మీద ఉంది, తుంటికి ఆపరేషను కట్టు. తులసి కుర్చీలు వేసింది. గోవిందు మందులకని బయటికెళ్లాడట. మాస్టారు కూర్చోలేదు. బాత్‌రూము గుమ్మం దగ్గర నిలబడి, "మణిదీప్!" అని గట్టిగా పిలిచారు. కాసేపు ఆగి మళ్లీ పిలిచారు. డెబ్బై ఆరేళ్ల మనిషి, మెడ నరాలు తేలాయి. నాలుగోసారికి పైడమ్మ నవ్వింది.

"ఎంత అరిసినా రాడు బాబూ. నాకు తెల్దా?"

మూడు వారాల కిందట ఒక మధ్యాహ్నం ఆవిడ పడింది ఆ గుమ్మంలోనే. తులసి కింద గదిలో ఉంది, అలవాటు కొద్దీ ఒక చెవి ఖాళీగా ఉంచుకునే. గోవిందు ఆ రోజు పగటి డ్యూటీకి వెళ్లాడు. ఎదురింట్లో నేనున్నాను. భోజనం చేసి, వినికిడి మిషను తీసి బల్ల మీద పెట్టి పడుకున్నాను. గంటన్నర ఆవిడ పిలుస్తూనే ఉందట.

మాస్టారు పదకొండుసార్లు పిలిచి ఆపేశారు. ఇంకాసేపటికి మణిదీప్ తనంతట తానే పైకొచ్చాడు.

"మీరు పిలవలేదేంటి మాస్టారూ?"

అతను మాస్టారు నిలబడ్డ గుమ్మాన్ని చూశాడు, మంచాన్ని చూశాడు, పైడమ్మ తుంటిని చూశాడు.

"ఫోను..." అన్నాడు చివరికి, చాలా మెల్లిగా.

"పడినచోటికి ఫోను వస్తుందా అండీ?" అంది తులసి. కోపంగా అనలేదు. అతనికి మంచినీళ్లు ఇస్తూ అంది.

అతను నీళ్లు తాగలేదు. "మెట్ల తలుపు తీయిస్తాను. ఇవాళే తీయిస్తాను. మీరు సోమవారం నుంచి అక్కడే కూర్చోండి," అని కిందికి పరుగెత్తాడు. నాకు ఆశ కలిగింది. తులసికీ కలిగిందనుకుంటాను. చీర కొంగుతో లాప్‌టాప్ మీద దుమ్ము తుడిచింది.

పావుగంటలో తిరిగొచ్చాడు. చేతిలో ఒక కాయితం ఉంది. సెక్రటరీ ఆనందకుమార్ తలుపు తీయనన్నాడట. గది కట్టినప్పుడు మణిదీప్ ఇచ్చిన నివేదిక చివరి పేజీ చూపించాడట. మెట్లు, నడవలు ఇకపై పనిచేసుకునే చోట్లుగా వాడరాదని, నిప్పంటుకుంటే ప్రమాదమని అందులో ఉంది.

"'మీ సంతకమే కదండీ, ఇంజనీరు గారూ? రేపు ఏదైనా అయితే మీరొస్తారా, నేనొస్తానా?' అన్నాడు మాస్టారూ. ఆయన అన్నదీ నిజమే. అది నేనే రాశాను. అలాంటి నివేదికలన్నిట్లోనూ రాస్తాను."

"నువ్వు రాసిందీ నిజమే," అన్నారు మాస్టారు.

"అమ్మీ, ఆ పెట్టె కట్టీసీ," అంది పైడమ్మ గోడ వైపు తిరిగి. "నాను సచ్చిపోయినా బాగుణ్ను, నీ పని నీకుండేది."

"ఊరుకోండి అత్తమ్మా. టీవీ పెట్టమంటారా?"

తులసి లాప్‌టాప్‌ని అట్టపెట్టెలో పెట్టింది. హెడ్‌ఫోను తీగ చుట్టి పక్కన పెట్టింది. దాని ఒక చెవి స్పాంజి అరిగిపోయి నలుపు ఊడింది, రెండోది కొత్తదానిలా ఉంది. కొరియరు మనిషి సాయంత్రం నాలుగింటికి వస్తాడట. అంటే ఆమె సోమవారం దాకా ఆగదలుచుకోలేదు. మేము రాకముందే ఫోను చేసి చెప్పేసింది.

ముగ్గురం కిందికి దిగాం. మణిదీప్ గది ముందు ఆగిపోయాడు. లోపల పన్నెండు దీపాలూ వెలుగుతున్నాయి, మనుషుల్లేరు. అద్దం మీద ఎవరో కాయితం అంటించారు, ఆదివారం మూడో అంతస్తు పాప పుట్టినరోజు ఇక్కడే అని.

"నేనిప్పుడేం చెయ్యాలి మాస్టారూ?"

మాస్టారు తలుపు తీసి, మళ్లీ వేశారు. చప్పుడు కాలేదు. తలుపుకీ చట్రానికీ మధ్య వేలు పెట్టి, పై నుంచి కింది దాకా తడిమారు.

"పనితనం బాగుంది నాయనా," అన్నారు. "సందు ఎక్కడా లేదు."