దాలమ్మ డప్పు, సావిడి కట్టెలు

అనగనగా ఒక ఊళ్ళో, ఊరంటే ఏదో ఒక ఊరు కాదు, మబ్బులు తిన్నగా గుమ్మంలోకి వచ్చి కూర్చునే కొండమీది ఊళ్ళో, దాలమ్మ అని ఒక ముసలామె ఉండేది. కాళ్ళు దుప్పట్లోకి లాక్కో కన్నా, ఇది చలి కథ.

ఆ ఊరి పేరు తెల్లగెడ్డ. చలికాలం ముదిరిందంటే అక్కడ కుండలో నీళ్ళు కూడా గడ్డకట్టేవి. అందుకని ఊరివాళ్ళు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. వానలు వెనకపట్టగానే ఇంటికొక మోపు ఎండుకట్టెలు తెచ్చి ఊరి సావిడిలో పేర్చేవారు. వాటి జోలికి ఎవరూ పోకూడదు. గట్టి చలి వస్తోందని దాలమ్మ డప్పు కొడితేనే వాటిని ముట్టుకోవాలి.

దాలమ్మకి ఎలా తెలిసేదీ అంటావా? సాయంత్రం గాలి ఆగిపోవాలి. పొయ్యిల పొగ పైకి పోకుండా ఇళ్ళ కప్పుల మీదే పడుకోవాలి. ఆమె కుక్క వెళ్ళి పొయ్యిలో బూడిదలో ముడుచుకోవాలి. మూడూ కలిశాయంటే దాలమ్మ డప్పు తీసేది. ముందు దాన్ని మంట దగ్గర పట్టి కాచేది. కాచకపోతే మంచుకి మెత్తబడ్డ తోలు మోగదు మరి.

అప్పుడు వీధివీధీ తిరిగి కేకేసేది. "గట్టి చలొస్తంది! మేకల్ని లోపలికి తోలండి! ముసిలోళ్ళనీ పసిపిల్లల్నీ సావిడికి తెండి! మంటేసినచోట తలుపు ఓరగా తీసుంచండి, పొగ మింగి సచ్చేరు!"

ఆ తర్వాత చూడాలి సంబరం! ఊరంతా సావిడికి చేరేది. నడుమ మంట, చుట్టూ మనుషులు, మనుషుల మధ్య మేకలు. నిప్పుల్లో చిలగడదుంపలు కాల్చేవారు. ఆ పూట కోడళ్ళకి సామలు దంచే పని ఉండదు. ఊరిపెద్ద జోగులు తన టేకు కుర్చీ మోయించుకొచ్చి, అందులో కూర్చుని, ఎలుగుబంటిని తరిమిన కథ చెప్పేవాడు. తరిమింది ఆయనో ఎలుగుబంటో ఎవరికీ తేలలేదు.

ఆ ఏడు మొదటి డప్పు ఇలాగే సరదాగా గడిచింది. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

కొన్నాళ్ళకి పిల్లలు గుంపుగా వచ్చి దాలమ్మ కొంగు పట్టుకున్నారు.

"మామ్మా, ఇయాల చలి లేదా?"

"లేదురా."

"కొంచెమైనా లేదా? దుంపలు తవ్వీసినాం మామ్మా!"

దాలమ్మది వెన్నలాంటి మనసు. కాదు, లేదు అనే మాటలు ఆమె నోట్లోంచి ఒక పట్టాన వచ్చేవి కావు. ఒక్కసారికేం పోయిందిలే అని డప్పు కొట్టేసింది. సావిడి కట్టెలు సగం దాకా దిగాయి.

ఆ తర్వాత పొరుగింటి కోడలు అప్పలకొండ వచ్చింది. అరచేతులు చూపించింది, రెండూ బొబ్బలే. "దాలత్తా, మా అత్త నా చేత ఊరందరి సామలూ దంచిస్తంది. ఒక్క పూట డప్పు కొట్టీవా? నీకు పున్నెం ఉంటాది." దాలమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొట్టేసింది.

ఆ తర్వాత సాక్షాత్తూ జోగులే వచ్చి గొంతు సవరించుకున్నాడు. "దాలప్పా, ఎలుగుబంటి కత సెప్పి శానా రోజులైంది. జనం మరిసిపోతారేమో." ఊరిపెద్ద అడిగితే కాదంటుందా? అదీ కొట్టేసింది.

మర్నాడు సావిడి ఊడుస్తూ దాలమ్మ కట్టెల మూల చూసింది. అక్కడ బెరడు ముక్కలూ చీమలూ తప్ప ఇంకేమీ లేవు. వెంటనే కట్టెలు తెద్దాం రమ్మని అందరికీ చెప్పింది. అందరూ తలలూపారు. కానీ అప్పటికే అడవి మీద పొగమంచు దిగింది. రోజుల తరబడి లేవలేదు. తెచ్చిన కట్టె తెచ్చినట్టే చెమ్మ. పొయ్యిలో పెడితే పొగే తప్ప మంట లేదు.

ఆ రోజుల్లోనే దాలమ్మ కూతురు పైడి పుట్టింట్లో పురుడు పోసుకుంది. ఆడపిల్ల! గుప్పెడంత ఉంది. ఇంకా బారసాల కూడా కాలేదు, పేరు కూడా లేదు. దాలమ్మ దాన్ని వదిలి వాకిట్లోకి వెళ్ళడానికే ఇష్టపడేది కాదు.

ఒక సాయంత్రం ఉన్నట్టుండి పొగమంచు విడిపోయింది. ఆకాశం కడిగినట్టు అయింది. గాలి ఆగిపోయింది. పొగ కప్పుల మీద పడుకుంది. కుక్క వచ్చి బూడిదలో ముడుచుకుంది. ఈసారి నిజం చలి, అలాంటిలాంటిది కాదు!

దాలమ్మ డప్పు తీసి కొట్టి చూసింది. తప్, తప్ అంది. ఇంట్లో ఎండుపుల్లలు చేరెడే ఉన్నాయి. అవి పాప కోసం దాచినవి. అవి మంటపెట్టి డప్పు కాచుకుంటే పాపకేవి? కాచుకోకపోతే ఊరికి తెలిసేదెలా? దాలమ్మ డప్పు వంక చూసింది, పాప వంక చూసింది.

"నా వల్లే కదే ఇదంతా," అని ఏడ్చేసింది.

పైడి పాపని గుండెకి హత్తుకుని అంది, "ఏడుపు తరవాతే అమ్మా. ముందు డప్పు కాసుకో. ఊరొస్తే నా బిడ్డకి ఊరంతా ఎచ్చనే."

అప్పుడు దాలమ్మ ఆ చేరెడు పుల్లలూ వెలిగించింది. తోలు బిగిసింది. డప్పు ఖంగుమంది. ఆమె వీధిలోకి పరుగెత్తింది. "ఇది దుంపల చలి కాదర్రా! కతల చలి కాదు! నిజం చలి! సావిడిలో కట్టె లేదు! ఎవరింట ఏ కట్టె ఉంటే ఆ కట్టె తెండి!"

ఊరు సావిడికి వచ్చింది. కానీ ఎవరింట్లో మాత్రం ఏముంది? తలా నాలుగు వంట పుల్లలు. అవి కలిపి మంటవేస్తే కాసేపటికే కిందికి దిగిపోయింది. తలుపు సందులోంచి చలి సూదుల్లా గుచ్చుతోంది. పాప పెదాలు నీలంగా మారుతున్నాయి.

అప్పుడు పిల్లలు లేచారు. వాళ్ళ బిళ్ళంగోడు కర్రలు, బొంగరాలు అన్నీ తెచ్చి మంటలో వేశారు. ఒక బుడ్డోడు తన బొంగరాన్ని ముద్దుపెట్టుకుని మరీ వేశాడు.

ఆ తర్వాత అప్పలకొండ ఇంటికి పరుగెత్తి రోకలి ఎత్తుకొచ్చింది. అత్తగారు నోరు తెరిచేలోపే, "అత్తా, రోకలి కూడా కట్టే కదా!" అని మంటలో పడేసింది. అంత చలిలోనూ సావిడంతా ఫక్కుమంది. అత్తగారు కూడా నవ్వాపుకోలేకపోయింది.

ఆ తర్వాత మంట మళ్ళీ తగ్గింది. దాలమ్మ తన డప్పు చట్రం విప్పబోయింది. అందరూ ఒక్క గొంతుతో, "వద్దు! వద్దు! అది పోతే రేపు మాకెవరు సెప్తారు?" అని చెయ్యి పట్టుకుని ఆపేశారు.

అప్పుడు జోగులు లేచాడు. కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగాడు. దాని చేతులు నిమిరాడు. "మా తాత చేయించినాడిది," అన్నాడు. అని, గొడ్డలి అడిగాడు. టేకు చేవ కదా, నిప్పు పట్టిందంటే తెల్లవారేదాకా కణకణలాడింది.

పైడినీ పాపనీ మంట దగ్గర కూర్చోబెట్టారు. చుట్టూ మేకల్ని పడుకోబెట్టారు. మేకల వెనక ముసలివాళ్ళు, వాళ్ళ వెనక మిగతా ఊరు. కాసేపటికి పాప పెదాలు ఎర్రబడ్డాయి. అప్పుడు గట్టిగా తుమ్మి, క్యారుమని పాలకి ఏడ్చింది. ఆ ఏడుపు విని ఊరంతా నవ్వింది, దాలమ్మ తప్ప. ఆమె ఆనందం పట్టలేక వెక్కివెక్కి ఏడుస్తోంది. జోగులు ఆ రాత్రి నేలమీదే కూర్చుని ఎలుగుబంటి కథ చెప్పాడు. అలా అందరి మధ్యా కూర్చునేసరికి నిజం దానంతట అదే బయటికొచ్చింది. తరిమింది ఎలుగుబంటేనట!

తెల్లారి చూస్తే గడ్డి మీద ఉప్పు చల్లినట్టు మంచు. కుండల్లో నీళ్ళు రాయి. కానీ మనుషులందరూ ఉన్నారు, మేకలన్నీ ఉన్నాయి, పాప ఉంది. కొండ మీంచి పచ్చటి ఎండ దిగింది. అందరూ బయటికొచ్చి, ఒకరినొకరు ఆనుకుని ఎండలో కూర్చున్నారు. జోగులు ఒళ్ళోకి పిల్లలు ఎక్కారు. అప్పలకొండ అరచేతులకి అత్తగారే ఆముదం రాస్తోంది.

దాలమ్మ వాళ్ళని అలా చూస్తూ నిలబడిపోయింది. ఓసి వీళ్ళ దుంపతెగ, వీళ్ళకి కావలసింది మంట కాదు, ఇలా కలిసి కూర్చోవడం! దానికి అబద్ధపు చలెందుకు?

అప్పుడు డప్పు తీసుకుని కొత్త దెబ్బ కొట్టింది. "ఎండ వచ్చిందహో! పనులాపి రండహో!"

ఆ రోజు నుంచీ తెల్లగెడ్డలో రెండు చాటింపులు. ఎండ చాటింపు ఎవరడిగినా కొట్టేది, రోజూ అడిగినా కొట్టేది. చలి చాటింపు మాత్రం నిజం చలి లేనిదే కాళ్ళు పట్టుకున్నా కొట్టేది కాదు. అది కొట్టిన రోజున ఊరు ఒక్క మాట అడక్కుండా లేచి వచ్చేది. సావిడిలో కట్టెలు నిండుగా ఉండేవి. వాటిని కాపలా కాసేది ఎవరనుకున్నావు? జోగులే, ఒక చిన్న రాతిమీద కూర్చుని!

మరి పాపకి పేరేం పెట్టారో తెలుసా? ఊరంతా కలిసి వెచ్చదనం ఇచ్చింది కదా, వెచ్చమ్మ అని పెట్టారు. ఆ వెచ్చమ్మే పెద్దదయ్యాక దాలమ్మ చేతిలోంచి డప్పు అందుకుంది. మొదటిసారి కాచుకునేటప్పుడు, ఆనాడు అమ్మమ్మ వెలిగించినట్టే, ఒక చేరెడు పుల్లలు చాలు అందిట.

డండం డప్పు దాలమ్మది,
చిటపట మంట సావిడిది,
రోకలి బూడిద, కుర్చీ బూడిద,
వెచ్చని నిద్దర పాపాయిది!
కథేమో నడిచింది కంచికి,
కళ్ళు మూసి మనం మంచానికి!