గాలిపంకాల ముళ్ళపంది

రండర్రా, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. చాప చాలకపోతే ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చోండి. కేకు తింటున్నవాళ్ళు గబగబా మింగేయండి. కథ మధ్యలో నవ్వొచ్చి పొలమారితే నా పూచీ లేదు. దేవుడి దయవల్ల ఈ ఏడూ నా గొంతు బాగానే ఉంది. చెబుతున్నా, వినండి.

అనగనగా ఒక అడవి, ఆ అడవి అంచున ఒక చిన్న చర్చి. చర్చిలో మనుషులు ఏం చేస్తే అడవిలో జంతువులూ అదే చేసేవి. మనుషులు పాటలు పాడితే అవీ పాడేవి. శ్రుతి సంగతి మాత్రం అడక్కండి, మనదీ అంతంతమాత్రమేగా! క్రిస్మస్‌కి ముందు మనం చీటీలు తీసి 'క్రిస్మస్ ఫ్రెండ్' ఎవరో చూసుకుంటామా? అవి ఆకుల మీద పేర్లు గీకి తీసుకునేవి. ఎవరి పేరు వస్తే వాళ్ళకి బహుమతి ఇవ్వాలి.

ఆ ఏడు తాబేలు తాత ఒక షరతు పెట్టాడు.

"కొట్టుకొచ్చినవి చెల్లవు! ఎవరికి వాళ్ళే రంగు కాగితాలతో చేసివ్వాలి."

చర్చి అలంకరణలో మిగిలిన కాగితాలు అడవిలోకి ఎగిరొచ్చాయి. ముడతల క్రేపు కాగితాలు, మెరిసే చమ్కీ కాగితాలు, నున్నటి గ్లేజు కాగితాలు. జిగురుకి మైదా పిండి కాకి తెచ్చింది, పాస్టరమ్మగారి వంటింట్లోంచి. అడిగి తెచ్చిందా అంటే, అది కాకికీ దేవుడికీ మధ్య సంగతి. మైదాని నీళ్ళలో కలిపేశారు. ఉడికించాలని ఒక్కరికీ తోచలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మేక రూతమ్మ ఆకు తీసింది. చూసింది. గతుక్కుమంది.

చెట్టు మీంచి కోతి జక్కయ్య తొంగి చూశాడు. "ఎవరొచ్చారక్కా? ముళ్ళపంది యోబా! నీ పని అయిపోయింది. బహుమతి చేతికిస్తావా, దూరం నుంచే దణ్ణం పెట్టి విసిరేసి పరిగెడతావా?"

అందరూ పకపకా నవ్వారు. యోబు నవ్వలేదు. ఎందుకంటే కిందటేడు అచ్చం అలాగే జరిగింది. కుందేలు అతనికని చేసిన బుట్టని దూరం నుంచి విసిరి పారిపోయింది. అది అతని ముళ్ళ మీద పడి చీలికలైపోయింది.

"ఈసారీ అలాగే అయితే కొండ అవతలికి వెళ్ళిపోతాను. అక్కడ పండగలు లేకపోతే పోనీ, నన్ను చూసి పరిగెత్తేవాళ్ళూ ఉండరు" అన్నాడు యోబు. అని, తన పొదలోకి పోయాడు.

రూతమ్మ మనసు చివుక్కుమంది. మంచి మేకేనర్రా. నోరు ఒక్కటే చెడ్డది.

మొదట క్రేపు కాగితాలతో రంగురంగుల గొలుసు చేసింది. జిగురు ఆరిందో లేదో చూద్దామని చివర నాకింది. మైదా కదా, కమ్మగా ఉంది. ఇంకో వలయం నాకింది. గొలుసు అయిపోయింది.

"ప్రభువా, క్షమించు" అని ముద్దుగా ఒక చమ్కీ పెట్టె చేసింది. మూత సరిగ్గా పడిందో లేదో కొరికి చూసింది. పెట్టె అయిపోయింది.

"ప్రభువా, మళ్ళీ నేనే" అని ఒక నక్షత్రం చేసింది. దాని గురించి నేను చెప్పను, మీకే తెలుసు. దాని వెనకే ఆకు దొన్నెలో మిగిలిన జిగురంతా గటగటా తాగేసింది.

తీరా చూస్తే బంగారు రంగు గ్లేజు కాగితం ఒక్కటే మిగిలింది. జిగురు చుక్క లేదు. రూతమ్మ ఏం చేయాలి? జబ్బు చేసిందని పడుకోవచ్చు. గాలికి ఎగిరిపోయాయని అబద్ధమాడొచ్చు. ఆమె తలొంచుకుని నేరుగా యోబు పొద దగ్గరికి వెళ్ళింది.

"తమ్ముడూ, నీ బహుమతి నా కడుపులో ఉంది."

యోబు బిత్తరపోయాడు. తర్వాత కిసుక్కున నవ్వాడు. "పోనీలే అక్కా, నా బహుమతిని ఒకరైనా ఇష్టపడ్డారు."

"సిగ్గుగా ఉందిరా. ఇంకా ఒక కాగితం ఉంది. ఏం చేసిపెట్టమంటావో నువ్వే చెప్పు."

ఆ మాట అతన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. కాస్త జరిగి చోటిచ్చాడు. "ఏం చేసినా సరే. ఇక్కడ, నా పక్కన కూర్చుని చెయ్యి."

రూతమ్మ కూర్చుంది. కాగితాన్ని చిన్న చిన్న చదరాలుగా చింపింది. ఒక్కో చదరం నాలుగు మూలల నుంచీ మధ్య దాకా చీల్చింది, మధ్యలో కలవకుండా. చీలిన కొసల్లో ఒకటి విడిచి ఒకటి మధ్యకి మడిచింది. నోట్లో నీళ్ళూరుతున్నాయి. "ప్రభువా, ఇది గొంతు దిగకుండా చూడు!" అని ప్రార్థిస్తూనే, ఆ మడతల్ని యోబు ముల్లు కొసకి గుచ్చింది. గాలిపంకా తయారు!

ఇంకొకటి గుచ్చబోతే ముల్లు ఆమె ముక్కులో దిగింది. "అబ్బా!"

"నొప్పా అక్కా? వెళ్ళిపోతావా?"

"వెళ్ళేదాన్నయితే వచ్చేదాన్నా? కదలక కూర్చో, వెధవా!"

యోబు కదల్లేదు. ఇంత ప్రేమగా అతన్నెవరూ తిట్టలేదు మరి.

క్రిస్మస్ తెల్లవారింది. బహుమతులన్నీ ఆరడానికి రాత్రంతా ఆరుబయట పెట్టారు. డిసెంబరు మంచు ఊరుకుంటుందా? పచ్చి మైదా జిగురు అట్లపిండిలా జారిపోయింది. జక్కయ్య ఏనుగు కోసం చేసిన కిరీటం విడిపోయి, ఏనుగు పెట్టుకోగానే తొండం మీదికి జారి గోచీలా వేలాడింది. కుందేలు గొలుసు ఎక్కడికక్కడ ఊడింది. అందరూ ఏడుపు ముఖాలు పెట్టారు. ఇక బహుమతులు పంచుకునేదెలా?

అప్పుడు పొదలోంచి బుర్రుమని చప్పుడు. యోబు వస్తున్నాడు. అడుగు వేస్తే చాలు, వీపు మీద బంగారు గాలిపంకాలన్నీ గిర్రున తిరుగుతున్నాయి. వాటికి జిగురే లేదు, మంచు ఏం చేస్తుంది?

అడవి అంతా నోరు తెరిచింది. జక్కయ్య చెట్టు దిగాడు. కిరీటం పట్టుకుని గొంతు సవరించుకున్నాడు.

"యోబు బావా, రాలిన ముళ్ళేవైనా ఉంటే ఇస్తావా? గుచ్చి అతికించుకుంటాను."

"ముళ్ళంటే దూరం నుంచి దణ్ణమన్నావుగా బావా?"

జక్కయ్య తల గోక్కున్నాడు. "ఆ నోరు నాది కాదు బావా, అరువు తెచ్చుకున్నా."

యోబు కొండ వైపు ఒకసారి చూశాడు. రూతమ్మ వాచిన ముక్కు వైపు చూశాడు. "ఇస్తాను. కానీ విసరను. పక్కన కూర్చుని తీసుకో."

జక్కయ్య కూర్చున్నాడు. వెనకే కుందేలు, దాని వెనక ఏనుగు. ఎప్పుడూ ఖాళీగా ఉండే యోబు పక్కన ఆ రోజు తోపులాట. కొండ అవతలి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ముల్లు గుచ్చినా నిలవని కాగితం ముక్కలన్నీ రూతమ్మ ముందు కుప్ప పోశారు. "ఆమెన్" అంటూ ఆమె నోరు తెరిచింది.

ఇక లేవండర్రా. ఒక్క పని మాత్రం గుర్తుంచుకోండి: రూతమ్మ యోబు పక్కన కూర్చుని, "ఏం చేసిపెట్టమంటావు?" అని అడిగింది. ఈ పండక్కి మీ పక్కన ఎవరూ కూర్చోనివాళ్ళని చూసి, ఒక కాగితం తీసుకెళ్ళి, మీరూ అలాగే అడగండి. కాగితం మాత్రం తినకండి.

నీతి: చేతికి అందే కానుక కంటే, దాన్ని చేస్తూ పక్కన కూర్చున్న మనసే మనిషిని దగ్గర చేస్తుంది.